పాలవ్యాను టైర్లలో గాలి – పాలు పోసేవారి రూపాయి

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, సభ్యులకు ఏర్పాటైన శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాలలో మామూలుగా మాట్లాడుకొనేవి వెన్నశాతం, దాణా, పచ్చిమేత, చూడి పరీక్షలు, బోనసు. ఇవాళ మేము వీటిలో దేనినీ ఎత్తుకోవడం లేదు. మీ వూరి పాలను తీసికొని వెళ్లే వ్యాను టైర్లలో గాలి గురించి నాలుగు మాటలు చెప్పదలచుకొన్నాము. గాలి గురించి కూడా ఒక ఉపన్యాసమా అని కొందరు నవ్వుకోవచ్చు. కాని మీరు పోసిన పాలమీద వచ్చే ప్రతి రూపాయిలోనూ కొంతభాగం మీ చేతికి రాకముందే రోడ్డుమీద ఖర్చయిపోతున్నది. ఆ ఖర్చులో డీసెలు, టైర్లు రెండూ పెద్ద పద్దులే. డీసెలు ధరను మనం తగ్గించలేము. రోడ్లను మనం వేయలేము. టైర్లలో గాలి మాత్రం మన చేతిలో వున్నది. దానికి కావలసినది ఒక గేజి, వారానికి పది నిమిషాల సమయం.

గాలి చేసే పని యేమిటి?

గాలి నింపిన టైరును వాడుకలోకి తెచ్చినవాడు ఒక పశువైద్యుడంటే మీకు ఆశ్చర్యంగా వుండవచ్చు. ఐర్లండులోని బెల్‌ఫాస్టు పట్టణంలో జాన్ బాయిడ్ డన్లప్ అనే పశువుల డాక్టరు తన కుమారుని మూడు చక్రాల సైకిలుకు గాలి గొట్టాలు తొడిగి, 1888లో దానికి పేటెంటు తీసికొన్నాడు. ఆయనకంటే ముందే 1845లో రాబర్ట్ థామ్సన్ అనే ఆయన ఇటువంటి దానికే పేటెంటు పొందాడు గాని అది జనంలోకి రాలేదు. డన్లప్ పేరు మాత్రం మన రైతుల నోట కూడా నిలిచిపోయింది.

బండి బరువును రబ్బరు మోస్తున్నదని చాలామంది అనుకొంటారు. నిజానికి ఆ బరువును మోసేది లోపలి గాలి. రబ్బరు ఆ గాలిని పట్టి వుంచే సంచి మాత్రమే. గాలి తగ్గితే సంచి నలుగుతుంది. పాలవ్యాను టైరు ఒక్కసారి తిరిగితే సుమారు 2 మీటర్లు పోతుంది. అంటే కిలోమీటరుకు 450 నుండి 500 సార్లు తిరుగుతుంది. 80 కిలోమీటర్ల రూటులో టైరులోని ప్రతి భాగమూ ముప్పై ఆరువేల సార్లకు పైగా నేలకు ఆని, నలిగి, మళ్లీ లేస్తుంది. చపాతీ పిండిని అన్నిసార్లు పిసికితే మన చేతులేమవుతాయో ఆలోచించండి. ఆ పిసికే పనికి కావలసిన బలం డీసెలు నుండే రావాలి. అందులో కొంత వేడిగా మారి టైరులోనే నిలిచిపోతుంది. టైరు త్వరగా చావడానికి, ఒక్కోసారి పగలడానికి ఆ వేడే కారణం.

ఈ సంగతి మీకు కొత్త కాదు. గాలి తగ్గిన సైకిలుమీద రెండు పాలక్యానులు కట్టుకొని తొక్కినవారికి పిక్కలు చెబుతాయి. టైరు బండి తోలినవారికి ఎడ్ల మెడలు చెబుతాయి. ఇంజనుకు పిక్కలూ లేవు, మెడా లేదు. డ్రైవరు యాక్సిలరేటరు మరికాస్త తొక్కితే సరిపోతుంది. ఆ కష్టం డీసెలు బిల్లులో తప్ప మరెక్కడా కనిపించదు.

మన డెల్టాకు ఇది మరీ ముఖ్యం

కొండల ప్రాంతంలో డీసెలు చాలావరకు ఎత్తులు ఎక్కడానికి పోతుంది. జాతీయ రహదారిమీద 90 కిలోమీటర్ల వేగంతో పోయే బండికి ఎదురుగాలిని చీల్చుకొని పోవడానికి ఎక్కువ ఖర్చవుతుంది. మన గోదావరి డెల్టాలో ఈ రెండూ తక్కువే. ధవళేశ్వరం దిగువన తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడూ అరచేయిలా చదునైన నేలలు. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయిన తరువాత ఈ కాలువలలో పడవలు నడిచాయి. నేడు ఆ కాలువ గట్లమీదనే మన పాలవ్యానులు ముప్పై నలభై కిలోమీటర్ల వేగంతో నడుస్తున్నాయి. ఎత్తులు లేవు, వేగం లేదు. ఇటువంటి చోట చక్రాలను కదిలించడానికి అయ్యే ఖర్చులో ముఖ్యభాగం రెండింటికే పోతుంది. ఒకటి మాటిమాటికీ బండి ఆపి మళ్లీ ఎత్తుకోవడం, రెండవది టైర్లు నలగడం. అందుచేత గాలి తగ్గిన నష్టం కొండ ప్రాంతపు బండికంటే మన బండికి ఎక్కువ పాలులో తగులుతుంది.

ఇంకొక విశేషం కూడా వున్నది. పాలవ్యాను వెళ్లేటప్పుడు ఖాళీ, వచ్చేటప్పుడు నిండు. 40 లీటర్ల అల్యూమినియం క్యాను ఖాళీగా వుంటే ఎనిమిది తొమ్మిది కిలోలు. పాలతో నిండితే సుమారు యాభై కిలోలు. 25 క్యానులు వేసికొన్న వ్యాను తెల్లవారుజామున రెండువందల కిలోల పైచిల్లర బరువుతో బయలుదేరి, రూటు చివరికి పన్నెండువందల యాభై కిలోలతో వస్తుంది. కారుకు లేని ఇబ్బంది ఇది. కనుక కారు టైరుకు పెట్టినట్లు అలవాటుగా ఒక అంకె చెప్పి గాలి కొట్టించడం పాలవ్యానుకు పనికిరాదు.

ఎంత గాలి పెట్టాలి?

గాలి ఒత్తిడిని మనవాళ్లు పౌండ్లలో చెబుతారు. చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అని దాని అర్థం. కొన్ని గేజీలమీద కిలోలలో వుంటుంది. చదరపు సెంటీమీటరుకు ఒక కిలో అంటే సుమారు 14.2 పౌండ్లు. గేజి కొనేటప్పుడు రెండు కొలతలూ వున్నది కొనండి.

ఎంత పెట్టాలో చెప్పవలసినది బండి తయారుచేసిన కంపెనీ. డ్రైవరు తలుపు తెరిస్తే చట్రంమీద అంటించిన చీటీలోగాని, బండితో ఇచ్చిన పుస్తకంలోగాని ఆ అంకె వుంటుంది. అందులో ముందు టైర్లకు ఒక అంకె, వెనుక టైర్లకు ఒక అంకె వుంటాయి. చాలా బండ్లకు ఖాళీగా వున్నప్పుడు ఇంత, లోడుతో వున్నప్పుడు ఇంత అని కూడా వేరువేరుగా ఇస్తారు. రూటు మధ్యలో ఎవరూ గాలి మార్చలేరు. కనుక పాలవ్యానుకు లోడుతో వున్నప్పటి అంకెనే తీసికోవాలి. టైరు ఎప్పుడైనా ఓర్చుకోవలసినది దానిమీద పడే అతి పెద్ద బరువునే.

టైరు పక్కగోడమీద అచ్చువేసి వున్న అంకెను కొందరు పట్టుకొంటారు. అది ఆ టైరు మోయగల గరిష్ఠ బరువుకు చెందిన అంకె. మీ బండికి ఎంత కావాలో దానికి తెలియదు. అలాగే గాలి ఎక్కువ కొడితే డీసెలు ఇంకా మిగులుతుందనే భ్రమ కూడా వున్నది. నున్నటి రోడ్డుమీద కొంత నిజమే కావచ్చు. గతుకులున్న గట్టు దారిమీద రాయిలా బిగిసిన టైరు ఎగిరెగిరి పడుతుంది. బ్రేకు పట్టు తగ్గుతుంది, టైరు నడిమి భాగం మాత్రమే అరుగుతుంది, క్యానులు ఒకదానికొకటి కొట్టుకొంటాయి. తక్కువ గాలి వుంటే రెండు అంచులు అరుగుతాయి. టైరు అరిగిన తీరు చూస్తే ఆ బండిలో ఇన్నాళ్లూ గాలి ఎలా వున్నదో చెప్పవచ్చు. తనిఖీలో మేము రికార్డులతోపాటు టైర్లు కూడా చూస్తున్నది అందుకే.

మితిమీరిన లోడుకు గాలి మందు కాదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. పండుగ రోజులలో పాలు ఎక్కువ వచ్చాయని బండి మోయగల బరువుకు మించి క్యానులు ఎక్కించి, అందుకు సరిగా గాలి ఎక్కువ కొట్టించామనుకోవడం ప్రమాదకరం. ఆ రోజు రెండు ట్రిప్పులు వేయడమే మార్గం.

ఎప్పుడు, ఎలా చూడాలి?

టైరు చల్లగా వున్నప్పుడు చూడాలి. కంపెనీ చెప్పిన అంకెలన్నీ చల్లటి టైరుకు చెప్పినవే. బండి ఆగి కనీసం మూడు గంటలు కావాలి. తెల్లవారుజామున బండి తీయబోయే ముందు సమయం దీనికి మంచిది. మేము ఒక రూటులో డ్రైవరును ఈ మాట అడిగితే, "టైమెక్కడుందండీ, నాలుక్కే బండి తీయాలండి, రాడ్డుతో ఓ దెబ్బేసి సౌండు చూసుకుంటామండి ఆయ్" అన్నాడు. అతని తప్పేమీ లేదు, అతనికి గేజి ఇచ్చినవారు లేరు. రాడ్డు శబ్దం పూర్తిగా దిగిపోయిన టైరును పట్టిస్తుంది గాని పదిపౌండ్లు తగ్గిన టైరును పట్టించదు. కంటితో చూచినా తెలియదు. రేడియల్ టైరు సరియైన గాలి వున్నప్పుడు కూడా కింద కొంచెం ఉబ్బినట్లే కనిపిస్తుంది.

పంక్చరు లేకపోయినా టైరులో గాలి నెలకు ఒకటి రెండు పౌండ్లు దానంతట అదే తగ్గుతుంది. వాతావరణం చల్లబడినా తగ్గుతుంది. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు మారితే టైరులో సుమారు ఒక పౌండు మారుతుంది. దసరాకు సరిచేసిన టైరును సంక్రాంతి వరకు చూడకపోతే, చలి వల్ల కొంత, కారిపోయి కొంత, అయిదారు పౌండ్లు తగ్గి వుంటుంది. వాల్వు మూత లేకపోతే దుమ్ము, బురద చేరి ఇంకా త్వరగా కారుతుంది. నైట్రోజను కొట్టిస్తే ఈ బాధలు వుండవని కొందరు డబ్బు తీసికొంటున్నారు. మామూలు గాలిలోనే నూటికి 78 వంతులు నైట్రోజను. వారానికొకసారి గేజి పెట్టేవారికి మామూలు గాలి చాలు. పెట్రోలు బంకులో గాలి ఉచితంగా ఇవ్వవలసినదే. అడిగి కొట్టించుకోండి.

ఎండాకాలంలో జరిగే పొరపాటు

రాజమండ్రి ఎండలు మీకు మేము చెప్పనవసరం లేదు. రోహిణీ కార్తెలో మధ్యాహ్నం తారు రోడ్డుమీద చేయి పెట్టలేము. ఆ రోజులలో గాలి ఎక్కువుంటే టైరు పేలుతుందని భయపడి చాలామంది డ్రైవర్లు వేడి టైరులోనుండి గాలి తీసివేస్తారు. నడిచి వేడెక్కిన టైరులో నాలుగు నుండి ఆరు పౌండ్లు పెరగడం సహజం. కంపెనీవారు దానిని లెక్కలోకి తీసికొనే ఆ అంకె ఇచ్చారు. వేడిమీద గాలి తీస్తే మరునాటి తెల్లవారుజామున, టైరు చల్లబడిన తరువాత, వుండవలసినదానికంటే తక్కువ మిగులుతుంది. తక్కువ గాలితో టైరు ఇంకా ఎక్కువ నలుగుతుంది, ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. డ్రైవరు మళ్లీ గాలి తీస్తాడు. పేలకూడదని చేసిన పనే పేలడానికి దారి తీస్తుంది. వేడి టైరులో గాలి ఎప్పుడూ తీయరాదు. ఈ ఒక్క మాట మీ డ్రైవర్లకు చేరినా మేము ఇక్కడకు వచ్చిన పని నెరవేరినట్లే.

లెక్క వేసి చూద్దాము

ఆదా ఎంత అని మీరు అడుగుతారు. గొప్పలు చెప్పడం మా ఉద్దేశం కాదు. నాలుగు టైర్లలో సగటున ఒక్క పౌండు తగ్గితే మైలేజి 0.2 శాతం తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. చిన్న బండ్లకు చెప్పిన ఆ లెక్కనే మన వ్యానుకు పెట్టి చూద్దాము. రోజుకు 80 కిలోమీటర్లు, లీటరుకు 10 కిలోమీటర్ల చొప్పున 8 లీటర్ల డీసెలు. సంవత్సరానికి 2,920 లీటర్లు. పది పౌండ్లు తక్కువగా నడిపితే 2 శాతం, అంటే సుమారు 58 లీటర్లు వృథా. మీ వూరి బంకు ధరతో హెచ్చవేసికొనండి. ఒక బండికి ఇది కొండంత మొత్తం కాదు. పది రూట్లున్నచోట 580 లీటర్లు. ఆ డబ్బుతో ప్రతి రూటుకు ఒక మంచి గేజి కొని, డ్రైవర్లకు పండుగకు బట్టలు పెట్టి, ఇంకా మిగుల్చుకోవచ్చు.

దీనికి టైరు ఖరీదు కలపండి. అంచులు అరిగి, పొరలు వదలి ముందుగానే చచ్చిన టైరు రీట్రెడింగుకు కూడా పనికిరాదు. ఇక అన్నింటికంటే పెద్ద పద్దు పాలది.

ఒక సంఘంలో రవాణా పద్దు తనిఖీ చేస్తున్నప్పుడు మా కంటబడిన సంగతి చెబుతాము. పేరు చెప్పడం భావ్యం కాదు. మే నెలలో ఒక ఉదయం పాలవ్యాను వెనుక టైరు కాలువ గట్టుమీద పగిలింది. స్టెప్నీ తీస్తే అందులోనూ గాలి లేదు. మోటారు సైకిలుమీద స్టెప్నీని పట్టుకెళ్లి గాలి కొట్టించి తెచ్చేసరికి రెండు గంటలు దాటింది. ముప్పై డిగ్రీలు దాటిన వేడిలో పాలలోని సూక్ష్మజీవులు అరగంటకొకసారి రెట్టింపు కాగలవు. రెండు గంటలలో ఒకటి పదహారవుతుంది. శీతల కేంద్రంలో సి.ఓ.బి. పరీక్షలో 14 క్యానులు విరిగాయి. అంటే 560 లీటర్లు. ఒప్పందంలో దీని గురించి ఒక్క ముక్క లేదు. కాంట్రాక్టరు రోడ్డును అన్నాడు, కేంద్రంవారు సంఘాన్ని అన్నారు, చివరకు నష్టం పాలు పోసినవారి బిల్లులలో పడింది. ఒక గేదె, రెండు గేదెలు పెట్టుకొని ఆ వారం బిల్లుమీద పిల్లల ఫీజు కట్టవలసిన ఆడవారు అందులో వున్నారు. టైరులో గాలి చూడని ఫలితం అంతదూరం పోయింది.

కాంట్రాక్టరు బండి, మాకెందుకు?

ఈ ప్రశ్న ప్రతి సంఘంలోనూ వస్తుంది. డీసెలు కాంట్రాక్టరు పోసికొంటాడు, టైరు అతనిదే, మాకేమి పోయిందని. వచ్చే సంవత్సరం అతను కిలోమీటరుకు రేటు పెంచమని అర్జీ పెట్టేటప్పుడు చూపేవి ఆ డీసెలు బిల్లులు, టైరు బిల్లులే. అతని వృథా మన రేటులోకి ఏడాది ఆలస్యంగా వచ్చి చేరుతుంది. పాలు విరిగిన నష్టం మాత్రం ఆ రోజే వస్తుంది. కనుక ఇది మన వ్యవహారమే. డ్రైవరుమీద కేకలు వేయడం వల్ల కూడా ప్రయోజనం లేదు. గేజి ఇవ్వకుండా, సమయం ఇవ్వకుండా, మోయలేనన్ని క్యానులు ఎక్కించి గాలి సరిగా చూడమంటే అతనేం చేయగలడు? టైరు పగిలితే మొదట ప్రమాదంలో పడేది అతని ప్రాణమే.

సంఘాలు చేయవలసిన పనులు

పాలకవర్గ సమావేశంలో తీర్మానం చేసికొనడానికి వీలుగా మేము చెప్పేవి ఇవి:

1. రవాణా ఒప్పందంలో టైరు గాలి, స్టెప్నీ, జాకీ గురించి షరతు వ్రాయించాలి. గాలి లేక బండి ఆగి పాలు విరిగితే నష్టం ఎవరిదో ముందే తేల్చుకోవాలి.

2. బండి పుస్తకం చూచి, ముందు టైర్లకెంత, వెనుక టైర్లకెంత అన్న అంకెలను ప్రతి చక్రం పైన రంగుతో వ్రాయించాలి. పంక్చరు షాపు కుర్రవాడు ఎవరినీ అడగనవసరం లేకుండా వుండాలి.

3. ప్రతి సోమవారం తెల్లవారుజామున, బండి కదలకముందు, స్టెప్నీతో సహా అయిదు టైర్లు చూచి లాగుబుక్కులో వ్రాయాలి. స్టెప్నీని వెనుక టైరు అంకెకు వుంచితే ఎక్కడైనా పనికి వస్తుంది. ముందుకు వేసినప్పుడు తగ్గించుకోవచ్చు.

4. ఒకే టైరులో వారం వారం గాలి తగ్గుతుంటే కొట్టించి వూరుకోక, కారణం వెదకించాలి.

5. స్టీరింగు ఒక పక్కకు లాగుతున్నా, టైరు ఒక అంచు మాత్రమే అరుగుతున్నా చక్రాల అలైన్‌మెంటు చూపించాలి. అడ్డంగా ఈడ్చుకొనిపోయే చక్రం గాలి తక్కువ చక్రం కంటే ఎక్కువ డీసెలు తాగగలదు.

6. సంఘం దగ్గర క్యానులు ఎక్కించేటప్పుడు ఇంజను ఆపాలి. ఊరికే తిరిగే చిన్న డీసెలు ఇంజను కూడా గంటకు అరలీటరు అటూ ఇటూగా తాగుతుంది. బండి వచ్చే వేళకు క్యానులు సిద్ధంగా వుంచడం సభ్యుల బాధ్యత.

7. కొత్త టైరు కొనేటప్పుడు బండి బరువుకు తగిన ప్లై, లోడు అంకె చూచి కొనాలి. టైర్లు తేలికగా దొర్లడానికి, తడిరోడ్డుమీద పట్టుకు కేంద్ర రవాణా శాఖ 2022లో ప్రమాణాలు ప్రకటించింది. ఆ వివరాలు అడిగి, బిల్లుతో కొనండి.

లాగుబుక్కులో గాలి వ్రాసిన పక్కనే ఆ వారం పోసిన డీసెలు, నడిచిన కిలోమీటర్లు కూడా వ్రాయండి. ఎప్పుడూ ఒకే బంకులో, ట్యాంకు నిండుగా పోయించి లెక్క చూడండి. మూడు నెలలు వ్రాస్తే మా మాట నమ్మవలసిన పని వుండదు, మీ పుస్తకమే మీకు చెబుతుంది. గత మూడు నెలల లెక్క దగ్గర పెట్టుకొని పోల్చి చూడండి. వర్షాలకు గట్టు దారులు బురదైన నెలలలో డీసెలు ఎక్కువ పడుతుంది. కనుక వర్షాకాలాన్ని వర్షాకాలంతోనే పోల్చాలి.

తరువాతి తనిఖీకి వచ్చినప్పుడు మేము వెన్న రిజిస్టరు, నగదు పుస్తకంతో పాటు ఈ లాగుబుక్కు కూడా అడుగుతాము. తప్పు పట్టడానికి కాదు, బాగా చేసిన సంఘం అంకెలను పక్క సంఘానికి చూపించడానికి.